పడే చినుకులు, పట్టే గిన్నె

ఆదివారం, రాత్రి

ట్యాబ్‌లో నేను చేస్తున్న మొదటి గేమ్ ఇవాళ ఆడుకునేలా తయారైంది. పైనుంచి చినుకులు పడుతుంటాయి, కింద గిన్నెతో పట్టుకోవాలి. ఆట అంతే. స్క్రాచ్‌లో చేశాను. కోడ్ టైప్ చేసే పని లేదు, బ్లాకులు వేలితో లాగి ఒకదాని కింద ఒకటి అతికించుకుంటూ పోవడమే. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో పిల్లల కోసం తెచ్చింది ఇది. 2019లో మూడో వెర్షన్ వచ్చాక ట్యాబ్‌లో బ్రౌజర్ తెరిచినా చాలు, నడుస్తుంది. ప్రోగ్రామింగ్‌లో ఓనమాలు దిద్దే పెద్దవాళ్లకి కూడా ఇంతకంటే మంచి దారి నాకైతే కనబడలేదు.

పొద్దుటి పూటంతా చినుకు పడటం మీదే గడిచింది. స్క్రాచ్ తెర అడ్డంగా 480, నిలువుగా 360. నడిమధ్యలో సున్నా, పై అంచు 180, కింది అంచు మైనస్ 180. చినుకుని పైన పెట్టి, ఆగకుండా తిరిగే ఫరెవర్ బ్లాకులో దాని ఎత్తుని ప్రతిసారీ 5 చొప్పున తగ్గిస్తే కిందికి వస్తుంది. వస్తుంది గానీ, పడుతున్నట్టు ఉండదు. తాడు పట్టుకుని బావిలోకి చేద దించుతున్నట్టు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే వేగం.

పడే వస్తువు వేగం అంతకంతకూ పెరుగుతుందని బడిలో అందరం చదివినదే. అది బ్లాకులకి చెప్పడానికి 'వేగం' అని ఒక వేరియబుల్, అంటే మారే అంకెని దాచుకునే పేరు, పెట్టుకోవాలి. అది సున్నాతో మొదలవుతుంది. ప్రతి ఫ్రేములోనూ, అంటే తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ, ముందు ఆ వేగంలోంచి కొంచెం తీసెయ్యాలి, తర్వాత వచ్చినదాన్ని చినుకు ఎత్తుకి కలపాలి. వేగం మైనస్‌లోకి పోతూ ఉంటుంది కాబట్టి చినుకు అంతకంతకూ జోరుగా దిగుతుంది. రెండే బ్లాకులు. ఇక ఆ 'కొంచెం' ఎంతన్నదే ఆటని తేలుస్తుంది. 1 తీసేస్తే చినుకు 27 ఫ్రేముల్లో నేల చేరుతుంది. స్క్రాచ్‌లో సెకనుకి 30 ఫ్రేములు కాబట్టి సెకను కూడా పట్టదు, గిన్నె కదిపేలోపే అయిపోతుంది. 0.2 పెడితే సరిగ్గా రెండు సెకన్లు. అదే ఉంచేశాను.

ఆ రెండు సెకన్లూ ఎలా గడుస్తాయో చూడాలని కాగితం మీద లెక్క వేశాను. మొదటి సెకనులో చినుకు దాటేది మొత్తం దూరంలో దాదాపు నాలుగో వంతు. మిగతా మూడు వంతులూ రెండో సెకనులోనే. ఒకటికి మూడు! గెలీలియో వాలు పలక మీద గుండ్లు దొర్లించి పట్టుకున్న లెక్క అదే. నేను రాసింది 0.2 అనే అంకె ఒక్కటే. ఒకటికి మూడు అని ఏ బ్లాకులోనూ లేదు, అయినా అది తెర మీదికి వచ్చింది. చాలాసేపు ఏమీ మార్చకుండా ఆ ఒక్క చినుకునే మళ్లీ మళ్లీ వదులుతూ చూశాను. గిన్నె లేదు, స్కోరు లేదు, అయినా చూడబుద్ధేసింది.

1958లో విలియం హిగిన్‌బాథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలకి వచ్చే సందర్శకుల కోసం, విద్యుత్ సంకేతాలని గీతలుగా చూపే ఆసిలోస్కోప్ అనే పరికరం తెర మీద టెన్నిస్ ఆట తయారుచేశాడు. అందులోనూ బంతి వంపు తిరిగి కిందికి పడేది, నేల తాకి లేచేది. అంత పాత ఆటలోనూ బంతి నిజంగా పడినట్టే పడేదని తెలిశాక, ఇవాళ పొద్దుటి పూట సరైన చోటే పెట్టాననిపించింది.

మధ్యాహ్నం గిన్నె పని. కంప్యూటర్‌లో అయితే బాణం గుర్తుల కీలు ఉంటాయి, ట్యాబ్‌లో వేలొక్కటే. స్క్రాచ్‌కి మౌస్ అన్నా వేలన్నా ఒకటే కాబట్టి, గిన్నె అడ్డం స్థానం వేలితో పాటు కదలాలని చెబితే సరిపోయింది. చెల్లికి ఇచ్చాను ఆడమని. ఎలా ఆడాలో అడగనే లేదు. నేరుగా గిన్నె మీదే వేలు పెట్టి లాగింది. గిన్నె మొత్తం వేలి కింద దాక్కుంది.

"అక్కా, పడిందో లేదో నాకు కనపడట్లేదే!"

ట్యాబ్ కోసం చేసే ఆటలో నిజమైన చిక్కు ఇదేనని నాకనిపిస్తోంది. ఆడే చెయ్యే తెరని కప్పేస్తుంది. గిన్నెని మైనస్ 100 ఎత్తుకి జరిపి, కింద పట్టీలా ఖాళీ వదిలి, అక్కడ నేల రంగు వేశాను. ఏమీ చెప్పకుండా మళ్లీ ఇచ్చాను. ఈసారి వేలు తనంతట తనే ఆ నేల మీదికి వెళ్లింది. పైన గిన్నె, దానిపైన చినుకు, రెండూ కనబడుతున్నాయి. ఒక రంగు పట్టీ పెడితే మనిషి చెయ్యి ఎక్కడ పెట్టాలో అదే చెబుతుందని నేను ఏ పాఠంలోనూ వినలేదు.

స్కోరు, చినుకు కొత్త చోట పుట్టడం, ఇవన్నీ చకచకా అయిపోయాయి. ఒక్కటి మాత్రం రాసిపెట్టుకోవాలి: చినుకు మళ్లీ పైకి వెళ్లినప్పుడల్లా వేగాన్ని సున్నా చెయ్యాలి. లేకపోతే రెండో చినుకు మొదటిదాని వేగంతోనే బయల్దేరుతుంది.

ఇంకా తేలనిది ఆట ఎప్పుడు ముగియాలన్నది. మూడు చినుకులు జారిపోతే ఆగాలని నా ఉద్దేశం. నేలపాలైనదానికి విలువ లేకపోతే పట్టుకున్నదానికీ ఉండదు. చెల్లి ఒప్పుకోవట్లేదు, ఆగితే ఆడనంటోంది. రేపు సాయంత్రం రెండు రకాలుగానూ చేసి తన చేతికే ఇస్తాను, ఏది ఎక్కువసేపు వదలకుండా ఆడుతుందో చూడాలి.