ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుని తెలుగు టైపింగు పరీక్ష గట్టెక్కాను: నా అనుభవం

ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరికలో కొట్టి, తెలుగు టైపింగు పరీక్షలో నెగ్గినట్టు పోయిన వారమే కాగితం చేతికి వచ్చింది. ఆ పాట్లన్నీ మనసులో పచ్చిగా ఉండగానే రాసిపెడితే, నాలాగే నలభై దాటాక టైపింగు నేర్చుకోవలసి వచ్చినవారికి పనికివస్తుందని రాస్తున్నాను.

మాది హిందూపురం. పెళ్ళయినప్పటి నుంచి బెంగళూరులో, కృష్ణరాజపురంలో ఉంటున్నాము. చాలా ఏళ్ళుగా ఇంటి నుంచే తెలుగు అనువాదాలు చేస్తున్నాను. నా తెలుగులో తప్పు పట్టినవారు ఇంతవరకు లేరని గర్వంగానే చెప్పుకుంటాను. లేనిదల్లా వేగమే. ఇంగ్లీషు అక్షరాలలో ఉచ్చారణ కొట్టి, కింద కనిపించే జాబితాలోంచి కావలసిన మాటను ఎంచుకునే పద్ధతిలో, రెండు చూపుడువేళ్ళతోనే ఇన్నాళ్ళూ పని నడిచింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కనుక ఆఫీసుకు వెళ్ళి చేసే ఉద్యోగం చూసుకోవాలనుకున్నప్పుడు ఆ పద్ధతి అడ్డుపడింది.

ఇక్కడి ఒక అనువాద సంస్థ తెలుగు సమీక్షకుల కోసం ప్రకటన ఇచ్చింది. దరఖాస్తు, అనువాద పరీక్ష, ఫోనులో మాటామంతీ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి. తరువాతది టైపింగు పరీక్ష. వాళ్ళు పంపిన పిలుపులో ఉన్నది ఇంతే: పది నిమిషాలు, నిమిషానికి 25 పదాలు, భాష తెలుగు. ఏ కీబోర్డు అమరికలో కొట్టాలో ఒక్క మాట లేదు.

హాలులో తెలుగువారితో పాటు హిందీ, కన్నడ అభ్యర్థులు కూడా ఉన్నారు. చాలామంది పాతికేళ్ళ లోపువారే. గంట మోగగానే నేను అలవాటు చొప్పున ‘అమ్మ’ అనే మాటకు ఎ, ఎం, ఎం, ఎ అని నాలుగు ఇంగ్లీషు కీలు నొక్కాను. తెర మీద చుక్కల వలయానికి తగిలించిన ఒక ఓత్వం, దాని పక్కన ‘స’, ఆ పక్కన ‘సో’ కనిపించాయి. చెరిపి మళ్ళీ కొట్టినా అదే వచ్చింది. కంప్యూటరు చెడిపోయిందనుకుని చెయ్యి ఎత్తితే, పర్యవేక్షకుడిగా నిలబడిన కుర్రవాడు వచ్చి చూసి, హాలంతా వినిపించేలా, “ఇన్‌స్క్రిప్ట్ రాదా మేడమ్? తెలుగు అనువాదకురాలినని రాశారు కదా, మీ భాష కీబోర్డు మీకే రాకపోతే ఎలా?” అన్నాడు. ముందు వరుసలో ఇద్దరు వెనక్కి తిరిగి నవ్వారు. నాకు అలవాటైన ఉచ్చారణ పద్ధతి కీబోర్డు (ఫోనెటిక్) పెట్టుకోవడానికి అనుమతి అడిగితే కుదరదన్నాడు. మిగిలిన సమయమంతా నేను పొల్లు ఎక్కడుందో, గుడి ఎక్కడుందో ఒక్కొక్క కీ నొక్కి వెతుకుతూ కూర్చున్నాను. గడువు ముగియగానే ప్రతి ఒక్కరి వేగం వారి తెర మీద పెద్ద అంకెల్లో వచ్చింది, నాది సున్నా. ఆ అంకెను పక్కన కూర్చున్నవారందరూ చూశారు. అవమానంతో ముఖం మండిపోయింది. లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి వచ్చేశాను.

ఇంటికి వచ్చి కనుక్కుంటే తెలిసింది, ఆ పర్యవేక్షకుడు మాట్లాడిన తీరు తప్పే గాని, ఇన్‌స్క్రిప్ట్ తీసిపారేయవలసిన సంగతి కాదని. అది 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించిన అమరిక. విండోస్‌లో తెలుగు భాషను చేర్చుకుంటే అదే వస్తుంది, విడిగా ఏదీ కొనవలసిన పని లేదు. అందులోని గొప్పతనం ఏమిటంటే, హిందీలో ‘క’ ఉన్న కీ మీదే తెలుగు ‘క’, కన్నడ ‘క’ కూడా ఉంటాయి.

మొదట కంప్యూటరు సామాను దుకాణాలుండే ఎస్.పి. రోడ్డుకు వెళ్ళి తెలుగు అక్షరాల స్టిక్కర్లు తెచ్చి అంటించాను. ఎవరూ అంటించవద్దని గట్టిగా చెబుతున్నాను. అవి ఉన్నంతకాలం కన్ను కీల మీద నుంచి కదలదు, కన్ను కదలనంతకాలం వేగం పెరగదు. మా వీధి చివరనున్న టైపింగు ఇన్‌స్టిట్యూట్‌లో ఒక నెల రుసుము కూడా కట్టాను. తెలుగు నేర్పుతామని చెప్పి డబ్బు తీసుకున్నవారు చివరికి ఇంగ్లీషు పాఠాలే కొట్టించారు. డబ్బు తిరిగి అడిగితే రశీదు వెనక ఉన్న షరతులు చూపించారు. చేరేముందు, మీకు కావలసిన భాషలో ఒక వాక్యం కొట్టి చూపించమని అడగండి. చూపించలేకపోతే అక్కడి నుంచే వెనక్కి తిరగండి.

నాకు నిజంగా నేర్పింది మా పక్కింటి కన్నడ అక్క. ఆమె కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యారు, సర్వీసులో ఉండగా హిందీ ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నారు. తెలుగు లిపిని కూడబలుక్కుంటూ చదువుతారు. అయినా ఆమె వేళ్ళకు ‘త’ ఎక్కడుందో తెలుసు, అది తెలుగైనా హిందీయైనా. మొదటి రోజే నా చేతుల మీద పల్చటి తువ్వాలు కప్పి, “చూడమ్మా, ఇకమీద కన్ను తెర మీదే” అన్నారు. ఎఫ్, జె కీల మీద చిన్న గీత పైకి ఉబికి ఉంటుంది. చూపుడువేళ్ళు వాటిని తాకితే చాలు, మిగతా వేళ్ళు వాటంతటవే మధ్య వరుసలో కుదురుకుంటాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎఫ్ మీద గుడి, జె మీద ‘ర’ ఉంటాయి. గుణింతపు గుర్తులన్నీ దాదాపు ఎడమచేతివి, హల్లులు చాలావరకు కుడిచేతివి. మ, న, వ మాత్రం కింది వరుసలో ఎడమవైపుకు వచ్చాయి. కుడిచేత్తో హల్లు, ఎడమచేత్తో గుణింతం, ఇలా రెండు చేతులూ మార్చి మార్చి పనిచేస్తుంటే మద్దెల మీద వేళ్ళు ఆడినట్టు ఒక లయ కుదురుతుంది.

మధ్య వరుసతోనే, షిఫ్టు అక్కరలేకుండా, ఎన్ని తెలుగు మాటలు వస్తాయో చూసి నాకే ఆశ్చర్యం కలిగింది: కోతి, తోట, పేరు, చేప, కోరిక, పిట్ట, తప్పు, చిక్కు. చాలా రోజులు ఇవే కొట్టాను. పొల్లు డి కీ మీద ఉంటుంది. ఒత్తులు లేనిదే మన భాషలో వాక్యం నడవదు కనుక ఎడమ నడిమివేలికి ఆ దారి ముందుగా బాగా అలవాటు కావాలి.

అక్క సాయం ఒకచోట ఆగిపోయింది. ఎ, ఒ అనే హ్రస్వాలు హిందీవారికి అవసరం లేదు కనుక ఆ కీలను ఆమె ఎన్నడూ తాకలేదట. ఎత్వం జెడ్ కీ మీద, ఒత్వం 1 అంకెకు ఎడమపక్కన ఎస్కేప్ కింద ఉండే మూల కీ మీద ఉన్నాయి. అవే కీలు షిఫ్టుతో నొక్కితే ఎ, ఒ వస్తాయి. మనకు చెప్పడం, వెళ్ళడం, కొనడం, ఒకటి, ఎవరు, అన్నింటికీ అవే కావాలి, అవేమో ఎడమ చిటికెనవేలికి అందీ అందని మూలల్లో ఉన్నాయి. ‘ఒకరికొకరు’ అనే మాటలో ఆ మూలకు రెండుసార్లు పోవాలి, ఒకసారి షిఫ్టుతో, ఒకసారి షిఫ్టు లేకుండా. నా అభ్యాసంలో ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. పరిష్కారం తడిమి తడిమి నేనే కనిపెట్టాను: ఎడమ చిటికెనవేలు మూలకు వెళ్ళేటప్పుడు షిఫ్టును కుడి చిటికెనవేలితోనే పట్టుకోవాలి, ఎడమ చూపుడువేలు ఎఫ్ మీది గీతను వదలకూడదు. అది వదలకపోతే చెయ్యి తిరిగి వచ్చేటప్పుడు దారి తప్పదు. ఆ తరువాత, అప్పటిదాకా కదలని వేగం, వారం వారం పెరగసాగింది.

మరొక మాట. వేగం కోసం తొందరపడవద్దు. ‘శ్రీ’ అనే ఒక్క అక్షరానికి నాలుగు కీలున్నాయి. తప్పు కొడితే బ్యాక్‌స్పేస్ ఒక్కొక్క దెబ్బకు దీర్ఘాన్ని, ‘ర’ను, పొల్లును, ‘శ’ను విడివిడిగా చెరుపుతుంది. తప్పు లేకుండా నిదానంగా కొట్టేవారే చివరికి ముందుంటారు.

అదే సంస్థ మళ్ళీ పిలిచినప్పుడు వెళ్ళాను. అదే హాలు, అదే పర్యవేక్షకుడు. ఈసారి కీల వైపు చూడకుండా పది నిమిషాలూ కొట్టాను, కావలసిన వేగం కన్నా ఎక్కువే వచ్చింది. అతను ఏమీ అనలేదు, నేనూ అనలేదు.

అయినా పరీక్ష పెట్టే పద్ధతి మీద నా ఫిర్యాదు అలాగే ఉంది. వాళ్ళు ఖాళీకి ఖాళీకి మధ్య ఉన్నదాన్ని ఒక పదంగా లెక్కిస్తారు. తెలుగులో విభక్తి మాటకు అతుక్కునే ఉంటుంది. ‘విశ్వవిద్యాలయానికి’ అన్న ఒక్క మాటకు, షిఫ్టు కాకుండానే 18 కీలు నొక్కాలి. హిందీవారు అదే అర్థానికి ‘విశ్వవిద్యాలయ్’ అని ఒకటి, ‘కో’ అని ఒకటి కొట్టి రెండు పదాలు సంపాదిస్తారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ టైపింగు పరీక్షలో పదానికి సగటున ఐదు కీ నొక్కుళ్ళని కట్టి, ఇంగ్లీషుకు నిమిషానికి 35 పదాలంటే గంటకు 10,500 నొక్కుళ్ళు, హిందీకి 30 పదాలంటే గంటకు 9,000 నొక్కుళ్ళు అని లెక్క పెట్టారు. ఆ లెక్క తెలుగుకు వాడితే ఎవరికీ అన్యాయం జరగదు.

చేరిన మొదటి రోజునే ఈ రెండు సంగతులూ, అంటే పిలుపులో కీబోర్డు అమరిక పేరు ముందే రాయాలనీ, పదాలకు బదులు కీ నొక్కుళ్ళు లెక్కించాలనీ, ఇన్‌స్క్రిప్ట్‌లోనే టైపు చేసి సంస్థకు ఉత్తరం ఇచ్చాను. మొదటిది ఒప్పుకున్నారు, కొత్త పిలుపుల్లో ఆ వాక్యం చేర్చారు. రెండోదానికి ఇంకా జవాబు రాలేదు. వచ్చే నెల జీతాల రోజున మేనేజరు గారిని కలిసినప్పుడు మళ్ళీ అడుగుతాను.