మందు ఆపగానే తిరగబెట్టేది జబ్బొక్కటే కాదు

స్కిజోఫ్రీనియా లాంటి మానసిక జబ్బుకు ఏళ్ల తరబడి వేసుకున్న మాత్ర ఒక్కసారిగా మానేస్తే, కొన్నాళ్లకే చెవిలో మాటలు మళ్లీ మొదలవుతాయి. "జబ్బు తిరగబెట్టింది" అంటారు. అందులో రిసెప్టర్ల (కణాల మీద రసాయన కబుర్లు అందుకునే గ్రాహకాల) వాటా కూడా ఉంది.

ఈ జబ్బుకిచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ లాంటి మందులు, మెదడు కణాల మధ్య కబురు మోసే డోపమిన్ అనే రసాయనాన్ని అందుకునే డి2 రిసెప్టర్లను మూస్తాయి. నూటికి 65 దాకా మూసుకుంటే గుణం కనబడుతుంది, 80 చేరితే ఒళ్లు బిగుసుకుంటుంది. కణం మాత్రం ఊరుకోదు. డోపమిన్ అందడం లేదని డి2లను పెంచుకుంటుంది. ఎలుకల మెదళ్లలో ఇది స్పష్టంగా కనబడింది. మందు హఠాత్తుగా పోతే మామూలు డోపమినే ఎక్కువైపోతుంది.

తగ్గించడంలోనూ కిటుకుంది. ఇదే కోవకు చెందిన ఓలాంజపిన్‌ను 20 మి.గ్రా. నుంచి 15కి దించితే డి2లకు పెద్దగా తెలియదు. 5 నుంచి సున్నా చేస్తే దాదాపు సగం రిసెప్టర్లు ఒకేసారి ఖాళీ. అందుకే చివరి మెట్లు చిన్నవిగా, నెలల ఎడంతో ఉండాలి. ఆ లెక్క డాక్టరే వెయ్యాలి.

ఈ మందులు వాడేవాళ్లలో పెదాలు చప్పరించడం, నాలుక మెలికలు తిరగడం (టార్డివ్ డిస్కైనీసియా) కనబడితే ఇలా చూడాలి. నోట్లో కిళ్లీ ఉంటే తీయించి, చేతుల్లేని గట్టి కుర్చీలో కూర్చోబెట్టండి. నోరు తెరిపించి, నాలుకను కదపకుండా ఉంచమని రెండుసార్లు గమనించండి. తర్వాత బొటనవేలితో మిగతా వేళ్లను 10-15 సెకన్లు వరసగా తాకమనండి. అప్పుడు చూడాల్సింది చేతిని కాదు, మొహాన్నీ కాళ్లనూ. వణుక్కి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ దీనికి పనికిరాదు, పైగా ముదురుస్తుంది.

ఇక ఒంట్లో. పిట్యూటరీ గ్రంథిలోనూ డి2లే కాబట్టి రిస్పెరిడోన్‌తో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగి నెలసరి ఆగుతుంది. ఓలాంజపిన్, క్లోజపిన్ హిస్టమిన్, సెరటోనిన్ రిసెప్టర్లను మూసి ఆకలి పెంచుతాయి, మనిషి ఒళ్లు చేస్తాడు. మొదలెట్టే ముందు, 3 నెలలకు, ఆపైన ఏటా షుగరు, కొవ్వు పరీక్షలు తప్పవు. క్లోజపిన్‌తో మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోకండి, పేగు కదలిక ఆగి ప్రాణం మీదికొస్తుంది.

శ్రీకాకుళం తీరంలో నిప్పు నోట్లోకి పెట్టి చుట్ట కాల్చే మామ్మలుంటారు. ఆ పొగ కాలేయంలోని ఎంజైమును రెచ్చగొట్టి ఓలాంజపిన్, క్లోజపిన్‌లను త్వరగా అరగదీస్తుంది. ఆసుపత్రిలో చేరి చుట్ట మానితే అదే మోతాదు ఎక్కువై మత్తుగా పడుకుంటారు. (నమిలే పొగాకుతో ఈ గొడవ లేదు.) కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు వాళ్లయితే, ఇదే కోవకు చెందిన అమిసల్‌ప్రైడ్ రాసేముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూడాలి. ఆ మందు పోయేది కిడ్నీల గుండానే.