ఎర్రముక్కపల్లి నుంచి యూరప్‌కి లారీ

రాత్రి అన్నాలయ్యాక కడప ఎర్రముక్కపల్లిలో మా ఇంటి వెనక గదిలో కూర్చొని జర్మనీ రోడ్ల మీద లారీ తోలడం నా అలవాటు. ఆట పేరు యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. 2012లో వచ్చింది, ఇప్పటికీ ఆడేవాళ్లు తగ్గలేదు. నేను ఆడేది యూట్యూబ్‌లో లైవ్ పెడతాను. "అక్కా, మేమూ మొదలుపెడతాం, కెమెరా ఏది కొనాలి?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

కెమెరా కొనొద్దు. నా ముఖం ఇంతవరకు నా చానల్లో ఎవరూ చూడలేదు. చూపించమని పదేపదే సతాయించినవాళ్లను బ్లాక్ చేసేశాను, వాళ్లు పోయినందుకు నష్టమేమీ రాలేదు. డబ్బు, శ్రద్ధ రెండూ ముందు గొంతు మీద పెట్టండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు. మాట గరగరలాడితే మాత్రం అర నిమిషం కూడా ఆగరు.

మా ఇంట్లో పెద్ద గోల ప్రతిధ్వని. కడప ఇళ్ల సంగతి మీకు తెలిసిందే. కింద నల్లబండలు, అలమరాల్లో నల్లబండలు, గోడలకేమో నున్నటి సిమెంటు. ఆ గదిలో మాట్లాడితే బావిలోంచి మాట్లాడినట్టు ఉండేది. దానికోసం అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు రెండు తెచ్చి, ఒకటి మానిటర్ వెనక గోడకు, ఒకటి నా వీపు వెనక తాడు కట్టి వేలాడదీశాను. కింద చాప పరిచాను. దాంతోనే చాలా తేడా వచ్చింది. మైకు కూడా ఖరీదైనది కాదు, వైరున్న ఇయర్‌ఫోన్లదే. దూరంగా పెట్టిన మంచి మైకు కంటే నోటి దగ్గరున్న మామూలు మైకు నయం. ఆటను, గొంతును కలిపి యూట్యూబ్‌కు పంపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియో. మాట్లాడేటప్పుడు అందులోని శబ్దం మీటరు పసుపు రంగులో ఆడుతుండాలి. ఎరుపులోకి పోతే తగ్గించండి.

ఓబీఎస్‌లోనే నాయిస్ సప్రెషన్ అని ఒక ఫిల్టర్ ఉంది, ఆర్ఎన్‌నాయిస్ అన్నది ఎంచుకుంటే ఫ్యాన్ మోత చాలావరకు పోతుంది. మే నెలలో కడపలో ఫ్యాన్ ఆపి కూర్చోగలిగినవాళ్లకు ఈ ఫిల్టర్ అక్కర్లేదు, వాళ్లకు దండం పెట్టాలి. నాయిస్ గేట్ అని ఇంకోటి ఉంటుంది, సన్నటి శబ్దం వస్తే మైకు మూసేస్తుంది. నేను దాన్ని తీసేశాను. కారణం మా నాయన.

నాయన లారీ డ్రైవరు. మంగంపేట నుంచి ముగ్గురాయి లోడుతో పోర్టుకు పోయి వస్తుంటాడు. ఇంట్లో ఉన్న రాత్రి నా వెనక మంచం మీద పడుకొని స్క్రీన్ చూస్తాడు. ఊరికే చూస్తే బాగుండు. ఒకసారి ఆల్ప్స్ కొండల్లో దిగుడు వచ్చింది, నేను బ్రేకు నొక్కుతూ దిగుతున్నా.

"పాపా, గేరు తగ్గియ్‌. ఊరికే బ్రేకు తొక్కితే లైనర్లు కాల్తాయ్‌."

"నాయనా, ఇది ఆట."

"ఆటయితే ఏం? గువ్వలచెరువు ఘాట్లో ఇట్లనే దిగితే లోయలో ఉంటావు."

ఇదంతా లైవ్‌లో పోయింది. చాట్ ఒక్కసారి కదిలింది. రాయచోటి నుంచి ఒకబ్బాయి, మా నాన్న కూడా ఇదే మాట అంటాడన్నాడు. ఇంకొకరు ఎక్కుడులో ఏ గేరు అని అడిగారు. నాయన లేచి కూర్చొని చెప్పడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి గేట్ తీసేసి, ఆయన మాట దూరం నుంచైనా వినపడేలా పెట్టుకున్నా. ఆయన డ్యూటీలో ఉన్న రోజు "అంకుల్ యాడికి పోయినాడు" అన్నదే మొదటి ప్రశ్న.

ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట వినను. క్యాబిన్‌లో పాటలు లేకుండా ఎట్లా తోల్తావంటాడు. ఈ ఆటలోని రేడియోలో నిజమైన ఇంటర్నెట్ స్టేషన్లే వస్తాయి. ఆ పాటలు లైవ్‌లో వినపడితే యూట్యూబ్ పసిగడుతుంది. వీడియో మీద కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు, లైవే మధ్యలో ఆగిపోవచ్చు. సినిమా పాటలకూ అంతే. రేడియో ఆపేసి ఇంజిన్ శబ్దంతోనే లాగండి.

ఇక ఇంటర్నెట్. ప్లాన్ తీసుకునేటప్పుడు మనమంతా డౌన్‌లోడ్ స్పీడే అడుగుతాం, లైవ్‌కు కావాల్సింది అప్‌లోడ్. 720పీ, సెకనుకు 30 ఫ్రేములతో పంపాలంటే బిట్‌రేట్, అంటే సెకనుకు పోయే డేటా, 4000 కేబీపీఎస్ పెట్టండి. కీఫ్రేమ్, అంటే పూర్తి బొమ్మ ఎంతసేపటికోసారి పంపాలో, 2 సెకన్లు. బిట్‌రేట్‌కు రెట్టింపు అప్‌లోడ్ ఉంటేనే నిశ్చింత. ఈ లెక్కన గంటకు సుమారు 1.8 జీబీ పోతుంది కాబట్టి ఫోన్‌లో రోజుకిచ్చే డేటాతో పని జరగదు. వైఫై నమ్ముకోకుండా రౌటర్ నుంచి ల్యాన్ కేబుల్ లాగండి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది కానీ రౌటర్ ఆగిపోతుంది, దానికి చిన్న యూపీఎస్ దొరుకుతుంది. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ అయితే, వీడియోను కుదించే ఎన్‌కోడర్‌గా ఆ కార్డులోనే ఉండే ఎన్‌వెంక్ పెట్టండి, ప్రాసెసర్ మీద భారం తగ్గుతుంది. ఓబీఎస్‌లో ఆటను మాత్రమే చూపించే గేమ్ క్యాప్చర్ వాడండి. స్క్రీన్ మొత్తం చూపిస్తే మీ పిన్ని పంపిన వాట్సాప్ మెసేజ్ కూడా ఊరంతా చదువుతుంది. ఓబీఎస్‌ను మీ చానల్‌కు కలిపే రహస్య కోడ్, స్ట్రీమ్ కీ, ఎవరికీ చూపించొద్దు, అది దొరికితే మీ చానల్లో వాళ్లు లైవ్ పెట్టుకుంటారు.

చానల్‌కు ఫోన్ నంబర్ వెరిఫై చేశాక మొదటిసారి లైవ్ తెరుచుకోవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. అందుకే అనుకున్న రోజుకు ముందే చేసి పెట్టుకోండి. ఫోన్ నుంచే లైవ్ పెట్టాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లుండాలి, ఓబీఎస్‌తో అయితే ఆ షరతు లేదు. మొదటి లైవ్ అన్‌లిస్టెడ్‌గా, అంటే లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా పెట్టి, లింకు ఒక్క స్నేహితురాలికి పంపి ఎట్లా వినపడుతోందో అడగండి.

ఆడపిల్లలకు ఇంకో మాట. చాట్‌లో బ్లాక్ చేయాల్సిన మాటల జాబితా లైవ్‌కు ముందే నింపుకోండి. తెలుగు బూతులు తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ, ఎన్ని స్పెల్లింగులుంటే అన్నీ ఇవ్వాలి. ఆ పని నేనూ మా తమ్ముడూ కలిసి చేశాం. వాడికి ఇన్ని బూతులు వచ్చని ఆ రోజే తెలిసింది, అమ్మ వచ్చేసరికి ఇద్దరం స్క్రీన్ మార్చేశాం. ఇల్లు ఏ వీధిలో ఉందో, ఏ రోజు ఒంటరిగా ఉంటారో మాటల్లో జారనీయకండి.

చూసేవాళ్లు కాస్త పెరిగాక ఎవరో ఒకరు మెసేజ్ పెడతారు, మా రమ్మీ యాప్ గురించి రెండు ముక్కలు చెప్పండి, డబ్బిస్తామని. నాకూ వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో కేంద్రం తెచ్చిన చట్టం నిషేధించింది, వాటికి ప్రచారం చేసినా నేరమే. జవాబివ్వకుండా డిలీట్ చేయండి.

ఆటకోసం కంప్యూటర్‌కు తగిలించే స్టీరింగ్ కొనమంటారా అని కూడా అడుగుతున్నారు. స్నేహితురాలింట్లో ఉన్నదాన్ని నాయన ఒకసారి తిప్పి చూశాడు. ఒక చివర నుంచి ఇంకో చివరకు రెండున్నర చుట్లే తిరిగింది. "ఆటోకు ఎక్కువ, లారీకి తక్కువ" అన్నాడు. నేనింకా కీబోర్డు మీదే తోలుతున్నా.