ఎర్ర గుడ్లగూబ బీరు, మన ఇప్పపువ్వు

జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఈసారి హన్మకొండ వచ్చినప్పుడు ఒక బీరు సీసా తెచ్చాడు. లేబుల్ మీద ఎర్ర గుడ్లగూబ, పేరు హిటాచినో నెస్ట్ వైట్ ఏల్. గ్లాసులో పోస్తే లేత పసుపు రంగులో మసకగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోగానే ముందు నారింజ వాసన, దాని వెనకే ధనియాలు, చివర్లో సన్నగా జాజికాయ. మా అక్క కూడా వాసన చూసి "ఇందులో మసాలా ఏసిండ్రా?" అని అడిగింది. నిజంగానే వేశారు, నారింజ రసంతో పాటు ధనియాలూ జాజికాయా పడతాయి దాంట్లో.

అప్పటి నుంచి ఆ కంపెనీ గురించి చదువుతూనే ఉన్నాను. టోక్యోకు ఈశాన్యంగా ఇబారకి అనే ప్రాంతం, అక్కడ కియుచి వాళ్లది సాకే, అంటే బియ్యంతో చేసే జపాన్ మద్యం, తయారుచేసే పాత ఇల్లు, 1823లో మొదలైంది. అప్పట్లో వాళ్లు ఊరి పెద్దలు, రైతుల దగ్గర శిస్తు కింద బియ్యం వసూలు చేసేవాళ్లు, మిగిలిన బియ్యంతో సాకే పెట్టడం మొదలుపెట్టారు. బీరులోకి మాత్రం 1996లో వచ్చారు. అంతకు రెండేళ్ల ముందు దాకా జపాన్‌లో ఏడాదికి కనీసం 20 లక్షల లీటర్లు తీస్తేనే బీరు లైసెన్సు, అంటే పెద్ద కంపెనీలు తప్ప ఇంకెవరూ ఆ ఛాయలకు పోలేరు. 1994లో దాన్ని 60 వేల లీటర్లకు దించారు. ఆ ఒక్క అంకె మారడంతో చిన్న చిన్న ఊళ్లలో కూడా బీరు కాయడం మొదలైంది.

నాకు బాగా నచ్చింది వాళ్లు తమ చుట్టుపక్కల పంటల్ని పట్టుకున్న తీరు. సుకుబా కొండ దగ్గర ఫుకురె మికాన్ అని ఒక చిన్న నాటు నారింజ ఉంది. దాని తొక్కను ఎండబెట్టి అక్కడి వాళ్లు ఏడు దినుసుల కారప్పొడిలో వేసుకుంటారు. ఆ పండుతోనే వీళ్లు దైదై ఏల్ అనే బీరు చేస్తారు. ఇంకో బీరు నిప్పోనియా, దాని కోసం పొలాల్లోంచి ఎప్పుడో మాయమైన కనెకో గోల్డెన్ అనే పాత బార్లీని మళ్లీ పండించారు. ఎర్ర బియ్యంతో ఒకటి ఉంది, లేత గులాబీ రంగులో ఉంటుందట. మన దగ్గర మామూలు బీర్లలో కూడా బియ్యం పడుతుంది, కాకపోతే ఖర్చు తగ్గుతుందని వేస్తారు, ఆ మాట ఎవరూ గర్వంగా చెప్పుకోరు. వీళ్లు ఆ బియ్యం పేరునే బీరు పేరుగా పెట్టారు. కొనేవాడు ఉన్నాడని తెలిస్తే రైతు పాత విత్తనమైనా మళ్లీ వేస్తాడు, నాకు పెద్ద విషయం ఇదే.

ఇదంతా చదువుతుంటే మనసు ములుగు అడవుల మీదికే పోయింది. ఎండాకాలం మొదట్లో తెల్లవారకముందే ఇప్పచెట్ల కింద పువ్వు రాలి ఉంటుంది, ఆడవాళ్లు గంపలు పట్టుకుని చీకట్లోనే పోయి ఏరుకొస్తారు. పచ్చిది లేత పసుపుగా, కండగా, నోట్లో వేసుకుంటే తేనెలా తియ్యగా ఉంటుంది. ఎండితే ముదురు గోధుమరంగుకు తిరిగి కిస్‌మిస్‌లా ముడుచుకుపోతుంది, వాసన ఇంకా ఘాటెక్కుతుంది. అంత చక్కెర ఉన్న పువ్వు పులియడానికి ఎంతసేపు! ఆదివాసీలకు ఈ సంగతి తరతరాలుగా తెలుసు. కానీ ఇప్పసారా అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది ఎక్సైజ్ దాడులే. ఉట్నూరు వైపు గోండు మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతుంటే ఇప్పుడిప్పుడే నలుగురూ ఆ పువ్వును మర్యాదగా చూస్తున్నారు, అది చూస్తే నాకు చాలా సంతోషం.

చట్టం సంగతి కూడా చెప్పాలి. జపాన్‌లో సైతం 2018 దాకా ఇట్లాంటి పండ్లూ మసాలాలూ వేసిన చాలా రకాల్ని బీరు అని రాయనిచ్చేవాళ్లు కాదు, హప్పోషు అని వేరే పేరు పెట్టుకోవాల్సి వచ్చేది. ఆ ఏడాది రూలు మార్చి, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) బరువులో 5 శాతం లోపు వేసుకుంటే బీరే అన్నారు.

మన దగ్గర ఎవరైనా ఇట్లాంటి బీరు మొదలుపెడితే ఎండిన ఇప్పపువ్వును ముదురు రంగు బీరులో వేసి చూడాలని నా కోరిక. వేయించిన మాల్ట్ మాడువాసనకు ఆ ఘాటు సరిపోతుంది, లేత బీరులో అయితే పువ్వు వాసన ఒక్కటే పైకి తన్నుకొస్తుంది. పువ్వు ధర మాత్రం ఏరే ఆడవాళ్లతో కూర్చుని, సీజన్‌కు ముందే మాట్లాడుకోవాలి.