మెకంజీ ఆంటీవాళ్ళది ఏ ఊరు?

మా పక్కింటి మెకంజీ ఆంటీ వాళ్ళ తాతగారు వాల్తేరు రైల్వేలో పనిచేశారు. వాళ్ళ పెద్దలు స్కాట్లాండ్ నుంచి వచ్చారని ఇంట్లో అందరూ చెప్పుకుంటారు కానీ ఏ ఊరి నుంచో ఎవరికీ తెలీదు. "కైఫీయతులు రాయించిన మెకంజీ దొర మావాళ్ళేనేమో, చూడు బాబూ" అని ఆంటీ అడిగిన దగ్గర్నుంచీ నాకిదే ధ్యాస.

కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో మన ఊళ్ళ చరిత్రలు, అంటే కైఫీయతులు, పోగుచేసి, 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీది స్కాట్లాండ్‌లో లూయిస్ దీవిలోని స్టోర్నోవే. కెనడాలో పెద్ద నదికి పేరొచ్చిన అలెగ్జాండర్ మెకంజీదీ అదే ఊరు. అంతమాత్రాన ఆంటీకి వీళ్ళు చుట్టాలైపోరు. మన చోడవరపువారికి ఎక్కడో ఒక చోడవరం ఉంటుంది, మెకంజీలో మాత్రం ఊరు లేదు, కెన్నెత్ కొడుకు అని అర్థం, అంతే. పైగా అక్కడ మెకంజీ వంశ నాయకుడి కింద బతికిన రైతులు కూడా, రక్తసంబంధం లేకపోయినా, ఆయన పేరే పెట్టుకున్నారు. అందుకే పేరు పట్టుకుని వెతికితే లాభం లేదు, వాళ్ళు ఏ చర్చి పరిధిలో ఉండేవారో తెలియాలి.

స్కాట్లాండ్‌లో జననమరణాల రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది 1855లో. అంతకు ముందువి చర్చి పుస్తకాల్లోనే చూడాలి. అక్కడ ఆడవాళ్ళను పుట్టింటి ఇంటిపేరుతోనే రాసేవారు, వెతికేవాళ్ళకి ఇది పెద్ద వరం. మనలాగే పెద్దకొడుక్కి నాన్నగారి నాన్న పేరు పెట్టే అలవాటూ ఉంది, దాంతో పై తరం పేరు కొంతవరకు ఊహించొచ్చు.

ఆంటీ రేకుపెట్టెలో తాతగారి బాప్తిస్మం కాగితం దొరికింది. మడతల దగ్గర చిరిగిపోయింది, నీలం సిరా వెలిసిపోయింది, అయినా తండ్రి ఉద్యోగం ఫిట్టర్ అని స్పష్టంగా ఉంది. తల్లిది ఒట్టి పేరే, పుట్టింటి ఊసే లేదు. ఇక పట్టుకోవలసింది వాళ్ళ పెళ్ళి రికార్డు, అందులో వధూవరులిద్దరి తండ్రుల పేర్లూ ఉంటాయి. వాల్తేరుకి రైలొచ్చిందే 1890 దశకంలో కాబట్టి ఆ పెళ్ళి ఇక్కడ జరిగి ఉండదని నా నమ్మకం. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల రికార్డుల నకళ్ళు లండన్ వెళ్ళేవి, ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మద్రాసు వైపు నుంచి మొదలుపెడుతున్నాను, మెకంజీకి ఉన్న రకరకాల స్పెల్లింగులన్నీ కాగితం మీద రాసుకుని మరీ.