మంచం పక్కన స్విచ్

ఆదివారం, రాత్రి పదిన్నర.

ఇవాళ రోజు మొత్తమ్మీద జరిగిన పెద్ద పని ఒక స్విచ్. మంచం పక్కన ఉన్నది పదిహేను రోజులుగా పనిచెయ్యడం లేదు. రాత్రి పుస్తకం మూశాక లేచి, గుమ్మం దాకా వెళ్లి లైటార్పి, చీకట్లో తడుముకుంటూ వచ్చి పడుకోవడం, దార్లో మంచం కోడు కాలికి తగిలి తిట్టుకోవడం. పొద్దున్నే ఎలక్ట్రీషియన్ కుర్రాడొచ్చాడు. పాత బోర్డు విప్పి చూసి, "ఎలాగూ మారుస్తున్నాం కదా మేడమ్, కొత్తది ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు.

గోడ మీద వేలు పెట్టి చూపించబోయి ఆగాను. నిలబడి చూపిస్తే ఏం తెలుస్తుంది? చెప్పులు విడిచి మంచమెక్కి పడుకుని, కళ్లు మూసుకుని చెయ్యి చాపాను. వేళ్లు ఎక్కడ ఆనాయో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టమన్నాను. కుర్రాడు నవ్వాపుకుంటూనే గీత పెట్టాడు. పాత స్విచ్‌కి సరిగ్గా జానెడు కిందికి వచ్చింది. అంటే ఇన్నేళ్లూ రోజూ రాత్రి ఆ జానెడు కోసం మోచేతి మీద లేస్తున్నానన్నమాట.

అతనింకా గోడ తొలుస్తుండగానే చెల్లి ఫోన్. "అక్కా, అయిదు హోటళ్లు పంపాను. చూసి ఒకటి చెప్పు. సాయంత్రంలోగా బుక్ చేసెయ్యాలి." తనూ మరిదీ ఇంకో రెండు నెలల్లో యూరప్ వెళ్తున్నారు. నాకు హోటళ్ల పిచ్చి ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. దిగినవి తక్కువ, చదివినవి ఎక్కువ. అయినా ఈ విషయంలో నా మాటకి కొంచెం విలువ ఇస్తారు, తర్వాత వాళ్లకి నచ్చిందే చేస్తారు.

ఫోటోలు తెరిచాను. అయిదూ డిజైన్ హోటళ్లే, బొటిక్ హోటళ్లే. ప్లాస్టరింగ్ చెయ్యని సిమెంటు గోడ. ఇత్తడి దీపం. ముదురాకుపచ్చ వెల్వెట్ కుర్చీ. మూలన పెద్దాకుల మొక్క. తెల్లటి దుప్పటి మీద ఐమూలగా పడేసిన ఉన్ని శాలువా, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు. పేర్లు మూసేసి చూశాను. ఏది ఏ ఊళ్లోదో చెప్పలేకపోయాను. ఒకదాంట్లో కిటికీలోంచి కాలవ కనిపిస్తోంది కాబట్టి ఆమ్‌స్టర్‌డామ్ అయ్యుండాలి.

ఈ బొటిక్ అనే మాట హోటళ్లకి అంటుకోవడం వెనక కథ నాకు ఇష్టం. స్టూడియో 54 అనే నైట్‌క్లబ్ నడిపి, పన్ను ఎగ్గొట్టినందుకు జైలుకెళ్లొచ్చిన ఇద్దరు స్నేహితులు, స్టీవ్ రూబెల్, ఇయాన్ ష్రేగర్, 1984లో న్యూయార్క్ మాడిసన్ అవెన్యూలో మోర్గాన్స్ అనే హోటల్ తెరిచారు. పెద్ద హోటళ్లు డిపార్ట్‌మెంట్ స్టోర్లైతే మాది బొటిక్, అంటే చిన్న ప్రత్యేకమైన కొట్టు, అని రూబెల్ చెప్పుకున్నాడు. అదీ పేరు పుట్టిన వైనం. లోపలి పనంతా ఆంద్రే పుట్‌మాన్ అనే ఫ్రెంచ్ డిజైనర్‌ది. చేతిలో డబ్బు తక్కువ, బాత్రూములకి చవకరకం టైల్సే గతి. ఆవిడ వాటినే నలుపూ తెలుపూ చదరంగం గళ్లుగా పరిపించింది. హోటల్ 2017లో మూతపడింది. గళ్లు మాత్రం మిగిలాయి. చెల్లి పంపిన అయిదింటిలో రెండు బాత్రూముల్లో అవే గళ్లు, ఈసారి చవకవి కాకపోవచ్చు.

మాట కొత్తదే గానీ పని అంతకంటే పాతది. కోపెన్‌హాగన్‌లో 1960లో తెరిచిన ఎస్ఏఎస్ రాయల్ హోటల్‌కి ఆర్నె యాకబ్‌సన్ అనే డెన్మార్క్ ఆర్కిటెక్ట్ భవనం దగ్గర మొదలెట్టి కుర్చీలు, దీపాలు, చెంచాల దాకా అన్నీ తనే గీశాడు. ఇవాళ ఆఫీసు లాబీల్లో, విమానాశ్రయాల్లో కనిపించే ఎగ్ కుర్చీ, స్వాన్ కుర్చీ ఆ హోటల్ కోసం పుట్టినవే. ఎగ్ కుర్చీ వీపు ఎత్తుగా లేచి రెండు పక్కల్నుంచీ ముందుకి వంగుతుంది. వందమంది తిరిగే లాబీలో కూర్చున్నవాడికి ఒక మూల దొరుకుతుంది, గోడ కట్టకుండానే. నాకు మరీ నచ్చేది తలుపు పిడి. అరచెయ్యి మూసినప్పుడు లోపల మిగిలే ఖాళీ ఏ ఆకారంలో ఉంటుందో ఇంచుమించు ఆ ఆకారం. ఆ తర్వాత గదులన్నీ మార్చేశారు. 606 నంబరు గది ఒక్కటి అప్పటి రంగులతో, అప్పటి సామానుతో అలాగే ఉంచారు. ఎప్పుడైనా అక్కడికెళ్తే ఆ గది చూడాలని ఉంది. చూడ్డానికంటే ముందు ఆ పిడి ఒకసారి తిప్పాలని.

ఇదంతా చెల్లికి చెప్తే, "అక్కా, నేనడిగింది అయిదింట్లో ఒకటి" అంది.

ఒకటి చెప్పడానికి నాకు భయం ఎందుకో తనకి తెలుసు. కొన్నేళ్ల కిందట నేనూ నా స్నేహితురాలూ ఫోటోలు చూసి మోజుపడి ఒక హోటల్లో దిగాం. పేరు రాయను, ఊరూ రాయను. గదిలో ఒక్క స్విచ్ లేదు. దీపాలూ కర్టెన్లూ అన్నీ మంచం పక్కనున్న టాబ్లెట్‌లోనే. రాత్రి రెండింటికి దాహమేసి లేచాను. టాబ్లెట్ ముట్టుకోగానే కళ్లు చెదిరే వెలుగు. తడబడి ఏదో నొక్కాను. కర్టెన్ చప్పుడు చేసుకుంటూ నిదానంగా తెరుచుకోవడం మొదలెట్టింది. ఆపబోతే గదిలో ఉన్న దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. స్నేహితురాలు లేచి కూర్చుని "తెల్లారిందా?" అంది. ఇక బాత్రూము సంగతి. దానికీ గదికీ మధ్య గోడ లేదు, అద్దం ఉంది. తలుపు లేదు. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు లాబీలోకెళ్లి కూర్చునేవాళ్లం. మూడు రోజుల్లో ఆ లాబీలో పత్రికలన్నీ చదివేశాను. పైన పటారం అంటే ఏమిటో ఆ మూడు రోజుల్లో తెలిసింది. ఆ గది గీసినవాళ్లు అందులో ఒక్క రాత్రయినా పడుకుని ఉంటే అలా ఉండేది కాదు.

ఆ మాట అనుకుంటూ ఉండగానే జపాన్‌లోని క్యోటో గుర్తొచ్చింది. అక్కడ పాత మచియా, అంటే పాతకాలపు చెక్క ఇల్లు, ఒకటి బసగా మార్చారు, రెండు రాత్రులున్నాను. వీధిలోంచి చూస్తే ఇంత సన్నగా ఉందేంటి అనిపిస్తుంది, లోపలికెళ్లేకొద్దీ పొడుగ్గా సాగుతుంది. ఇలాంటి ఇళ్లని వాళ్లు 'ఈల్ చేప పడక' అంటారు. నడుమ గదంత కూడా లేని తోట ఒకటి, రెండు రాళ్లు, ఒక మొక్క, ఇంటి లోపలికి గాలీ వెలుతురూ దానిలోంచే. గుమ్మం తలకి రెండుసార్లు తగిలింది, మెట్లు నిచ్చెనలా ఉన్నాయి. సౌకర్యమా అంటే కాదు. కానీ నేలమీద పడుకుంటే తోట సరిగ్గా కళ్ల ఎత్తులో ఉంది. నిలబడి ఫోటో తీస్తే అది రాలేదు. కూర్చుని తీసినా రాలేదు. పడుకున్నవాళ్ల కోసం పెట్టింది అది.

మధ్యాహ్నం పనేం లేక, అంటే ఉన్న పనులు మానేసి, చెల్లి కోసం అనే వంకతో నాకిష్టమైనవన్నీ మళ్లీ చూస్తూ కూర్చున్నాను. ఇటలీలో సొరెంటో దగ్గర పార్కో దెయ్ ప్రిన్చిపి ఉంది, 1962 నాటిది. జో పాంటి అనే ఆర్కిటెక్ట్ దానికోసం నీలం, తెలుపు రంగుల్లో 30 రకాల టైల్స్ గీశాడు. వాటినే రకరకాలుగా కలిపి నూరు గదులకి నూరు రకాల నేలలు పరిచారు. ఒక గది నేల ఇంకో గదికి రాదు. పక్కగదిలో ఉన్నవాళ్ల నేల చూడాలంటే వాళ్ల తలుపు తట్టాల్సిందే.

తోక్యోలో ఓకురా హోటల్ లాబీ కూడా 1962దే. యోషిరో తానిగుచి గీసింది. గుండ్రటి లక్కపూత బల్ల, చుట్టూ అయిదు కుర్చీలు. పై అంతస్తు నించి కిందికి చూస్తే ప్రతి గుంపూ విచ్చిన ప్లమ్ పువ్వులా కనిపిస్తుంది, కుర్చీలు రేకులు. కూర్చున్నవాడికి తనొక రేకులో కూర్చున్నట్టు తెలియదు. 2015లో పాత భవనం కూల్చబోతుంటే ప్రపంచం నలుమూలల్నుంచీ డిజైనర్లు వద్దని మొత్తుకున్నారు. కూల్చేశారు. 2019లో కొత్త భవనం తెరిచినప్పుడు ఆ లాబీని మళ్లీ కట్టింది ఆయన కొడుకు యోషియో. నాన్న కట్టిన గదిని కొడుకు కొలతలతో సహా మళ్లీ కట్టడం. ఆ పనిలో ఉన్న రోజుల్లో రాత్రిళ్లు ఆయనకి నిద్ర ఎలా పట్టిందో.

శ్రీలంకలో దంబుల్లా దగ్గర జెఫ్రీ బావా కట్టిన కందలమ హోటల్ వీటన్నిటికీ విరుద్ధం. కొండరాయిని ఆనుకుని దాదాపు కిలోమీటరు పొడవున సాగుతుంది, తీగలు మొత్తం కప్పేశాయి. దూరం నుంచి ఫోటో తీస్తే అడవి వస్తుంది. హోటల్ రాదు. చెల్లికి ఆ ఫోటో పంపాను. "ఇందులో హోటల్ ఎక్కడుంది?" అని జవాబు. "అదే" అన్నాను.

సాయంత్రం మళ్లీ ఫోన్. ఈసారి పేట సంగతి. ఏ ఊళ్లో ఏ పేటలో దిగితే బావుంటుంది, పారిస్‌లో మారే, లండన్‌లో షోర్‌డిచ్, బెర్లిన్‌లో క్రాయిట్స్‌బెర్గ్ అంటూ చదివింది. పేర్లన్నీ సరైనవే. ఆ పేటలన్నీ నాకూ ఇష్టమే. కాకపోతే వాటి వెనక కథ ఊరేదైనా ఇంచుమించు ఒకటే. న్యూయార్క్ సోహోనే తీసుకుంటే, ఒకప్పుడు ఇనప స్తంభాల ఫ్యాక్టరీ భవనాలు. పనులు పోయి అంతస్తులకి అంతస్తులు ఖాళీ పడ్డాయి. పేట నడిబొడ్డు మీదుగా పెద్ద రహదారి వెయ్యాలని చూశారు, జనం ఎదురు తిరిగితే 1969లో ఆ ఆలోచన మానుకున్నారు. ఈలోపు చిత్రకారులు అద్దె తక్కువని, వెలుతురు బావుందని ఆ గోదాముల్లో చేరిపోయారు. కాపురముండటం చట్టం ఒప్పదు, అయినా ఉన్నారు. 1971లో వాళ్లకి అనుమతి వచ్చింది, 1973లో పేటని చారిత్రక ప్రాంతంగా ప్రకటించారు. గ్యాలరీలొచ్చాయి, దుస్తుల షాపులొచ్చాయి, హోటళ్లొచ్చాయి, అద్దెలు ఆకాశానికెక్కాయి. చిత్రకారులు పెట్టే బేడా సర్దుకున్నారు. లండన్‌లో ఇలాంటి మార్పునే చూసి రూత్ గ్లాస్ అనే సామాజికవేత్త 1964లోనే దానికి జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టింది.

నేనేం సుద్దపూసని కాను. నేనూ ఆ పేటల్లోనే దిగాను, ఆ ఇటుక గోడల ముందే ఫోటోలు దిగాను. కానీ బార్సిలోనా వాళ్లు విసిగిపోయి, టూరిస్టులకి అద్దెకిచ్చే ఫ్లాట్ల లైసెన్సులు 2028 నవంబరు తర్వాత ఉండవని తేల్చేశారంటే వాళ్ల బాధ అర్థమైంది. కింది ఇంట్లో వారానికో కొత్త ముఖం, అర్ధరాత్రి మెట్లమీద చక్రాల పెట్టె చప్పుడు. ఆ చప్పుడు నాదీ అయ్యుంటుంది ఎప్పుడో ఒకసారి.

"అయితే ఎక్కడ దిగమంటావు?" అంది చెల్లి.

"మ్యాప్ పెద్దది చేసి చూడు. హోటల్ చుట్టుపక్కల తాళంచెవులు చేసే కొట్టుందా, బడుందా, చెప్పులు కుట్టే చోటుందా. ఉంటే అక్కడింకా మనుషులు కాపురముంటున్నారన్నమాట. అలాంటి చోట దిగు. వీధి కూడా బావుంటుంది."

"అక్కా, నేను వెళ్లేది చూడ్డానికి. కాపురం పెట్టడానికి కాదు."

పక్కనుంచి మరిది నవ్వడం వినిపించింది. నాకూ నవ్వొచ్చింది.

ఇందాక పడుకుని కొత్త స్విచ్ పరీక్ష చేశాను. కళ్లు మూసుకుని చెయ్యి చాపితే వేలు సరిగ్గా దానిమీదే పడింది. కాకపోతే కుర్రాడు తలకిందులుగా బిగించాడు, పైకి నొక్కితే గానీ వెలగదు. గుమ్మం దగ్గరది కిందికి, ఇది పైకి. రేపు ఫోన్ చెయ్యాలి. లేదా అలవాటు చేసుకోవాలి.

ఇది రాస్తుండగా చెల్లి మెసేజ్. బుక్ చేసేసిందట, గది ఫోటో కూడా పంపింది. సిమెంటు గోడ, ఇత్తడి దీపం, నలుపూ తెలుపూ గళ్ల బాత్రూము. పెద్దది చేసి బాత్రూము తలుపు కోసం వెతికాను. అద్దం కనిపించింది.