ఐపీ: చట్టం నూరేళ్ల నుంచి ఉంది, సామాన్యుడి చేతికే అందడం లేదు

"వాడు ఐపీ పెట్టాడు" అంటే మన ఊళ్లలో తిట్టు కిందే లెక్క. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అప్పులు తీర్చలేనని కోర్టులో వేసే దివాలా దరఖాస్తు. చిట్టీల డబ్బుతో రాత్రికి రాత్రి కొట్టుకు తాళం వేసినవాళ్లు, ఆస్తులన్నీ ముందే బంధువుల పేరున రాసేసి కోర్టుకెక్కినవాళ్లు వెంటనే గుర్తొస్తారు. వాళ్ల వల్ల రోడ్డున పడ్డ కుటుంబాల కోపాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. అయితే ఆ చట్టం చేసింది వాళ్ల కోసం కాదు. పంట పోయో, ఆపరేషన్ ఖర్చుకో, వ్యాపారం దెబ్బతినో నిజంగానే తీర్చలేని స్థితికి వచ్చిన మనిషి కోసం చేశారు. ఆ మనిషికి ఇలాంటి దారి ఒకటుందని చెప్పేవాళ్లే లేరు. తెలిసినా, కోర్టు గుమ్మం దాకా వెళ్లే స్తోమత ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో మామూలు వ్యక్తులకు ఇప్పటికీ వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది కదా అని చాలామంది అడుగుతారు. అందులో వ్యక్తుల కోసం మూడో భాగం ఉంది. 2019 డిసెంబర్ 1 నుంచి దాన్ని అమల్లోకి తెచ్చింది మాత్రం కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్లకే. అలా కోట్ల రూపాయల అప్పుకు హామీ సంతకం చేసిన ప్రమోటర్‌కు, దరఖాస్తు వేసిన రోజు నుంచే వసూళ్లను నిలిపేసే రక్షణను ఆ కోడ్‌లోని 96వ సెక్షన్ ఇచ్చింది. టిఫిన్ బండి నడిపే మనిషి 1920 చట్టం కింద పిటిషన్ వేస్తే ఆ రోజు ఏదీ దానంతటది ఆగదు. ఒకే దేశంలో అప్పుపడ్డ ఇద్దరికి రెండు కొలతలు పెట్టడం అన్యాయం.

కోడ్‌లో బీదవాళ్ల కోసం 'ఫ్రెష్ స్టార్ట్' అనే పద్ధతి కూడా రాశారు. ఏడాది ఆదాయం 60,000 రూపాయలు, ఆస్తి 20,000, అప్పు 35,000 మించకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. రేపు అమల్లోకి తెచ్చినా నెలకు 5,000 దాటి సంపాదించే కూలీకి అందులో చోటు లేదు. కాబట్టి చేతిలో ఉన్న పాత చట్టాన్నే సరిగ్గా వాడుకోవడం తెలుసుకోవాలి.

అప్పు కనీసం 500 రూపాయలు ఉండి, తీర్చలేని స్థితిలో ఉన్న ఎవరైనా పిటిషన్ వేయవచ్చు. డబ్బు డిక్రీ (బాకీ కట్టమని కోర్టు ఇచ్చిన తీర్పు) అమల్లో అరెస్టయినవాళ్లు, ఆస్తి జప్తులో ఉన్నవాళ్లు కూడా వేయవచ్చు. మీరు నివసించే లేదా పని చేసుకునే చోటికి అధికారం ఉన్న కోర్టులో వేయాలి. మన దగ్గర చాలా చోట్ల అది సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. ఈ దశలో తీర్చలేనని పూర్తిగా రుజువు చేయనక్కర్లేదు, ప్రాథమికంగా నమ్మదగ్గ ఆధారాలు చూపిస్తే చాలని 1920 చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. మీ నడవడి మీద అప్పులవాళ్లు ఎన్ని ఆరోపణలు చేసినా, వాటిని తేల్చే చోటు చివర్లో వచ్చే డిశ్చార్జ్ (అప్పుల నుంచి విముక్తి) విచారణ. షరతులు కుదిరినప్పుడు దివాలా ప్రకటించాల్సిందేనని బ్రిటిష్ కాలంలో పై కోర్టుగా ఉన్న ప్రీవీ కౌన్సిల్ 1916లోనే చెప్పింది, అప్పటి పాత చట్టం కింద.

పిటిషన్‌కు ప్రాణం షెడ్యూళ్లు, అంటే దానికి జతచేసే అప్పుల, ఆస్తుల జాబితాలు. అప్పుల షెడ్యూల్లో ప్రతి అప్పుకూ ఐదు సంగతులు ఉండాలి: ఇచ్చినవారి పూర్తి పేరు, చిరునామా, అప్పు తేదీ, అసలు ఎంత వడ్డీ ఎంత, దేని మీద తీసుకున్నారు (ప్రోనోటు, చెక్కు, చిట్టీ, బంగారం, చేబదులు). నోటిమాట మీద తీసుకున్న చేబదులును జనం ఎక్కువగా వదిలేస్తారు. పక్కింటివాళ్ల 10,000 కూడా రాయాల్సిందే. ఒక పేరు వదిలేస్తే ఆ మనిషి తర్వాత వచ్చి "కావాలనే దాచాడు" అంటాడు. చిరునామా తప్పయితే నోటీసు తిరిగొస్తుంది, మళ్లీ బత్తా (నోటీసు పంపడానికి కోర్టుకు కట్టే రుసుము) కట్టాలి, చివరికి పేపర్ ప్రకటన దాకా పోతుంది. ఒక్కో వాయిదా అలాగే జారిపోతుంది. నలభై మంది అప్పులవాళ్లున్న కేసులో నోటీసుల ఖర్చే పెద్ద బరువు. ఖర్చు భరించగలిగినవాడి ఐపీ నడుస్తుంది, లేనివాడిది బత్తా కట్టలేదని కొట్టేస్తారు.

ఆస్తుల షెడ్యూల్లో ఉన్నవన్నీ విలువలతో సహా రాసి, జప్తుకు మినహాయింపు ఉన్నవి తప్ప మిగిలినవన్నీ కోర్టుకు అప్పగించడానికి సిద్ధమని ప్రకటించాలి. ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), పట్టాదారు పాస్‌బుక్ నకళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మీ మీదున్న దావాల నంబర్లు, వ్యాపారం ఉంటే లెక్కల పుస్తకాలు ముందే సమకూర్చుకోండి. పుస్తకాలు లేవనడం చివర్లో మెడకు చుట్టుకుంటుంది.

అన్నీ పోతాయేమోనన్న భయమే చాలామందిని ఆపేస్తుంది. నిజానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 60వ సెక్షన్‌లో జప్తు చేయరానివన్నీ మీకే మిగులుతాయి: కట్టుబట్టలు, వంట పాత్రలు, మంచాలు పరుపులు, మతాచారం ప్రకారం స్త్రీ తీయకూడని మంగళసూత్రం లాంటి నగలు, చేతివృత్తివాళ్ల పనిముట్లు, రైతుకు వ్యవసాయ పనిముట్లు, బతకడానికి అవసరమైన పశువులు, విత్తనాలు. రైతు, కూలీ, ఇంటిపని చేసేవాళ్లు తాము ఉంటున్న సొంత ఇల్లు కూడా ఇందులో ఉంది. కూలి డబ్బు, ప్రావిడెంట్ ఫండ్ ముట్టుకోకూడదు. జీతగాళ్లకు మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు రక్షణలో ఉంటాయి. నేత కార్మికుడి మగ్గం పోదు. ఈ ఒక్క మాట గ్రామాల్లో తెలిస్తే ఎన్నో ఇళ్లలో భయం తగ్గుతుంది.

ఇక పిటిషన్ ఆపేదేమిటి, ఆపనిదేమిటి? దివాలా ప్రకటన ఉత్తర్వు వచ్చాక, కోర్టు అనుమతి లేకుండా ఆ అప్పుల మీద ఎవరూ కొత్త దావా వేయలేరు, నడుస్తున్న దావాలను ఆపించవచ్చు. అంతకుముందు దశలో రక్షణ కావాలంటే విడిగా ఐఏ (అదే కేసులో వేసే మధ్యంతర దరఖాస్తు) వేసి అడగాలి. మీ ఆస్తి మీద ఇప్పటికే ఈపీ (డిక్రీని అమలు చేయమని అప్పులవాళ్లు వేసే పిటిషన్) నడుస్తుంటే, ఐపీ విచారణకు స్వీకరించిన వెంటనే ఆ సంగతి ఈపీ నడిచే కోర్టుకు రాతపూర్వకంగా తెలపాలి. వేలం జరగకముందే తెలిపి దరఖాస్తు చేస్తే, కోర్టు స్వాధీనంలో ఉన్న ఆ ఆస్తిని రిసీవర్‌కు (దివాలా ఆస్తులు చూసుకునే కోర్టు అధికారికి) అప్పగించమంటుంది. వేలం అయ్యాక చెబితే లాభం లేదు. రెండు కోర్టులు ఒకే ప్రాంగణంలో ఉన్నా ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు, ఆ కాగితం మీరే మోసుకెళ్లాలి.

తాకట్టు ఉన్న అప్పులకు ఇది అడ్డం రాదు. బంగారం వేలం వేసుకునే హక్కు, ఇంటి లోన్ ఇచ్చిన బ్యాంకుకు ఇల్లు స్వాధీనం చేసుకునే హక్కు అలాగే ఉంటాయి. చెక్ బౌన్స్ కేసు క్రిమినల్ కేసు, దాని దారి దానిదే. మీ అప్పుకు జామీను ఉన్న మనిషికి మీ ఐపీ వల్ల విముక్తి రాదు. ముందుగా ఆయనకు చెప్పి, ఆయనా సలహా తీసుకునేలా చూడటం న్యాయం.

అప్పు తీర్చలేదని అరెస్టు చేసి తెచ్చినప్పుడు, దివాలాకు దరఖాస్తు చేసుకోవచ్చని కోర్టే ఆ మనిషికి తెలియజేయాలని సీపీసీ 55వ సెక్షన్ ఆదేశిస్తోంది. నెలలోపు పిటిషన్ వేస్తానని పూచీకత్తు ఇస్తే వదిలిపెట్టవచ్చు కూడా. కోర్టు చెప్పకపోతే ఆ సెక్షన్ పేరు చెప్పి మీరే అడగండి. డబ్బు డిక్రీ కింద స్త్రీలను అరెస్టు చేయకూడదన్నది 56వ సెక్షన్. చేతిలో ఏమీ లేక కట్టలేకపోయినవాణ్ణి, అందులో దురుద్దేశం లేనప్పుడు, జైల్లో పెట్టడం తగదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో తేల్చింది.

అన్నిటికంటే ఎక్కువ కేసులను పాడుచేసేది ఆస్తి మళ్లింపు. "ముందు మీ ఆవిడ పేరున సెటిల్‌మెంట్ రాసేయ్, తర్వాత ఐపీ వేద్దాం" అనే సలహా బజార్లో ఊరికే దొరుకుతుంది. దివాలా ప్రకటించాక, పిటిషన్‌కు ముందు రెండేళ్ల లోపు ఊరికే రాసిచ్చిన ఆస్తి బదిలీని 1920 చట్టం 53వ సెక్షన్ కింద రద్దు చేయవచ్చు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో బావమరిదికి మాత్రం బాకీ తీర్చేసి మిగతావాళ్లకు చెయ్యి చూపిస్తే 54వ సెక్షన్ కింద ఆ చెల్లింపూ పోతుంది. దాచినట్టు తేలితే ఏడాది దాకా జైలు శిక్ష ఉంది.

తర్వాతది డిశ్చార్జ్. దివాలా ప్రకటించినంత మాత్రాన అప్పు పోదు. ఎన్నాళ్లలోపు డిశ్చార్జ్‌కు దరఖాస్తు చేయాలో ఆ ఉత్తర్వులోనే కోర్టు రాస్తుంది. ఆ గడువు దాటితే 43వ సెక్షన్ కింద ప్రకటన రద్దవుతుంది, అప్పులన్నీ మళ్లీ మీద పడతాయి, అనుమతి లేకుండా రెండోసారి పిటిషన్ వేయలేరు. ఉత్తర్వు చేతికి రాగానే వకీలు "ఇక అయిపోయింది" అంటే నమ్మకండి, గడువు తేదీ అడిగి రాసుకోండి. ఆస్తి విలువ అప్పుల్లో రూపాయికి ఎనిమిదణాలకు, అంటే సగానికి, సరిపోకపోతే పూర్తి డిశ్చార్జ్ ఇవ్వరు, ఆ లోటుకు మీరు బాధ్యులు కాదని కోర్టును ఒప్పించగలిగితే తప్ప. అందుకే ఆస్పత్రి బిల్లులు, పంట నష్టం కాగితాలు, దుకాణం కాలిపోతే ఫైర్ రిపోర్టు భద్రంగా ఉంచుకోవాలి. ప్రభుత్వానికి కట్టాల్సినవి, మోసంతో చేసిన అప్పులు, భార్యాబిడ్డల మనోవర్తి డిశ్చార్జ్ అయినా మిగిలే ఉంటాయి.

చట్టంలో బీదవాళ్ల కోసం దగ్గరి దారి ఒకటుంది, 74వ సెక్షన్. ఆస్తి 500 రూపాయలు మించనివారికి గెజిట్ ప్రకటన, అప్పులవాళ్ల షెడ్యూలు తయారీ లాంటివి లేకుండా కోర్టే క్లుప్తంగా విచారణ చేసి, ఆరు నెలల్లో డిశ్చార్జ్‌కు దరఖాస్తు చేయమంటుంది. 1920లో 500 అంటే పెద్ద మొత్తమే. చట్టం మూలపాఠంలో అంకె అక్కడే ఉండిపోయింది, ఈరోజు ఒక పాత సైకిల్‌తోనే అది దాటిపోతుంది. ఈ అంకెను లక్షల్లోకి మార్చితే చాలు, కొత్త చట్టం కోసం ఎదురుచూడకుండానే వేలమందికి తలుపు తెరుచుకుంటుంది. అది మారేదాకా, సీపీసీ 60వ సెక్షన్ మినహాయింపులు తీసేస్తే మీ దగ్గర ఏమీ మిగలదని అఫిడవిట్ వేసి ఈ దారే ఇమ్మని అడగాలన్నది నా గట్టి అభిప్రాయం. ఒప్పుకోవడం కోర్టు చేతిలో ఉంది, అడగడంలో మాత్రం నష్టం లేదు.

డబ్బు లేదని ఆగిపోకండి. జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థకు గానీ, మండల న్యాయ సేవా కమిటీకి గానీ తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. స్త్రీలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో పని లేకుండా అర్హులు. మిగతావారికి రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి ఉంటుంది. వకీలుతో పాటు కోర్టు ఫీజు, బత్తా ఖర్చు కూడా అందులోకే వస్తాయి, దరఖాస్తులో ఆ మాట ప్రత్యేకంగా రాయండి. ఐపీలు నడిపిన సివిల్ అడ్వకేట్‌నే కేటాయించమని కూడా రాయండి.

అవతలి పక్క మనిషినీ మర్చిపోకూడదు. ఐపీ నోటీసు అందుకునేవాళ్లలో కూతురి పెళ్లికని దాచిన 50,000 అప్పిచ్చిన ఒంటరి స్త్రీలు కూడా ఉంటారు. కోర్టు కాగితం చూడగానే డబ్బు పోయిందనుకుని హాజరు కారు. అలాంటి స్త్రీ చేయాల్సింది, అప్పు వివరాలతో అఫిడవిట్ తయారు చేసి, ప్రోనోటు నకలు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపడం. బాకీదారు డిశ్చార్జ్ అయ్యేలోపు ఎప్పుడైనా రుజువు సమర్పించవచ్చు. ఆస్తి దాచాడన్న సమాచారం ఉంటే అఫీషియల్ రిసీవర్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఉచిత న్యాయ సహాయానికి ఆమె కూడా అర్హురాలే.